ఎవరూ విప్పని బోల్టు

ఆ డెంటల్ క్లినిక్‌లో పళ్ళు పీకించుకున్నవాళ్ళు చాలా తక్కువ. కుర్చీలో పడుకుని, నోరు తెరిచి, "పై దవడ, కుడివైపు, చల్లగాలికి మాత్రమే" అనాలి. డెంటిస్టు మొహంలో ఏ మార్పూ లేకుండా కాలికింది పెడల్ నొక్కుతాడు. కుర్చీ మనిషితో సహా నేలలోకి దిగిపోతుంది. కింద బ్యూరో.

మేనత్త కుర్చీలోంచి లేచి, చెదిరిన జుట్టు సర్దుకుంది. ఆమె అసలు పేరు బ్యూరో ఫైళ్ళలో కూడా లేదు. నలభై దాటిన వయసు. ఎక్కడ నిలబెట్టినా ఆ ఇంటి మనిషే అనిపించే మొహం. ఎవరి గదిలోకైనా వెళ్ళి అల్మరా తెరిచి చూస్తున్నా, అడ్డు చెప్పాలని ఎవరికీ తోచదు. అందుకే డిపార్ట్‌మెంట్ అంతా ఆమెని మేనత్త అంటుంది. ఆమె పట్టించిన గూఢచారులు కూడా జైల్లో అలాగే తలుచుకుంటారని వినికిడి.

"కూర్చో," అన్నాడు పెద్దాయన. బ్యూరో చీఫ్‌ని అందరూ అలాగే పిలుస్తారు. గోడమీది స్క్రీన్ వెలిగింది. తెల్లజుట్టు, చిన్నపిల్లలాంటి నవ్వు ఉన్న ముసలావిడ ఫోటో.

"ప్రొఫెసర్. మన తీరం పొడుగునా సముద్రం అడుగున లిజనింగ్ పోస్టులు పెట్టే ప్రాజెక్టు ఈవిడదే. శత్రు సబ్‌మెరైన్ తుమ్మినా మనకి వినిపిస్తుంది. ఏ పోస్టు ఎక్కడో ఆ ప్లాను కాగితం మీద లేదు, కంప్యూటర్లో లేదు. ఆవిడ బుర్రలో ఉంది."

"బుర్రకి సెక్యూరిటీ?"

"పగలూ రాత్రీ. కానీ ఆ బుర్ర ఇప్పుడు మనం కాపలా కాయలేని చోటికి వెళ్తోంది. సముద్రం అడుగుకి."

రెండో ఫోటో. తెల్లటి గొట్టం, ముందు ఒక గుండ్రటి అద్దం.

"ప్రైవేటు సబ్‌మెర్సిబుల్. పేరు ముత్యం. ఇద్దరు పడతారు. ఓనరే నడుపుతాడు. ఆయన్ని అందరూ కెప్టెన్ అంటారు."

"ఏ ఓడకి కెప్టెన్?"

"దేనికీ కాదు. ఆ పిలుపంటే ఇష్టం." పెద్దాయన గొంతు తగ్గించాడు. "'వల' అనే విదేశీ ముఠా ఒకటి ఉంది, నీకు తెలుసు. మొన్న వాళ్ళ మెసేజ్ ఒకటి మనకి దొరికింది. 'ఆవిడ ముత్యంలో దిగితే మన పని అయిపోయినట్టే.'"

"సాబొటాజ్."

"ఇంకేముంది? ఎవడో బోల్టు వదులు చేస్తాడు. ఎవడో వైరు కోస్తాడు. వాణ్ణి పట్టుకో. ముత్యాన్ని మోసుకెళ్ళే ఓడమీద నువ్వు డాక్టరువి."

"నాకు వైద్యం రాదు సార్."

"బీపీ చూసి పెదవి విరవడం, గుండెమీద స్టెత్ పెట్టి 'ఊఁ' అనడం. అంతకంటే ఏం కావాలి?"

ఆయన బల్లమీద సామాను పరిచాడు. ఉక్కు గోడ అవతల గుసగుసని కూడా చెవిలోకి తెచ్చే స్టెతస్కోప్. బీపీ మెషీన్‌లా కనిపించే శాటిలైట్ రేడియో. ఎర్రరాయి ఉంగరం: రాయి తిప్పితే సన్నటి సూది బయటికొస్తుంది, గుచ్చుకున్న మనిషి పూటంతా నిద్రపోతాడు.

"స్టెత్ రికార్డు చేస్తుందా?"

"ఆ మోడల్ బడ్జెట్‌లో ఎగిరిపోయింది." పెద్దాయన దగ్గాడు. "ఓడలో మన మనిషి ఉంది. కోడ్‌నేమ్ పగడం. 'వల'లో చేరి మనకి పనిచేస్తోంది. 'సముద్రంలో ఉప్పు తక్కువైంది' అంటుంది. నువ్వు 'రేపు సర్దుతారట' అనాలి."

కుర్చీ మళ్ళీ పైకి లేచింది. బయటికి వెళ్ళేముందు డెంటిస్టు ఆమెకి ఒక కొత్త బ్రష్ ఇచ్చాడు. అనుమానం రాకూడదు కదా.

* * *

ఓడ రేవు దాటాక మేనత్త తెల్లకోటు తొడుక్కుని డెక్ మీదికి వచ్చింది. వెనక డెక్ మీద ఇనుప ఊయలలాంటి స్టాండులో ముత్యం కూర్చుని ఉంది. దాని పక్కన నీలం సూటులో పొడుగాటి మనిషి, గొట్టం మీద చెయ్యేసి, పెంపుడు గుర్రాన్ని నిమిరినట్టు నిమురుతున్నాడు.

"రండి డాక్టరమ్మా!" అన్నాడు కెప్టెన్. "మా ఓడలో జబ్బులుండవు. భయం ఒక్కటే జబ్బు. దానికి మీ దగ్గర మందుందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఒకావిడ. తెల్ల పాంటు, నల్ల కళ్ళద్దాలు, పగడం రంగు లిప్‌స్టిక్. నడిచి వస్తుంటే డెక్ కడిగేవాళ్ళు చీపుర్లు ఆపారు. కెప్టెన్ మీద డాక్యుమెంటరీ తీస్తున్న ప్రొడ్యూసర్‌ట.

ఆవిడ మేనత్త పక్కనే రెయిలింగ్‌కి ఆనుకుంది. "సముద్రంలో ఉప్పు తక్కువైంది."

"రేపు సర్దుతారట."

"అందరిమీదా కన్నేసి ఉంచాను," అంది పగడం పెదాలు కదపకుండా. "ఇంతవరకూ ఎవడూ దాని దగ్గరికి పోలేదు. మీరు నిశ్చింతగా ఉండండి."

నిశ్చింతగా ఉండడానికి మేనత్తకి జీతం ఇవ్వరు. ఆ రోజంతా ఆమె ఓడ గాలించింది. తలనొప్పి మాత్రలిచ్చే నెపంతో మెకానిక్‌ల గదుల్లో దూరింది. బూట్లు తిరగేసి చూసింది. బ్యాటరీలు, ఆక్సిజన్ సిలిండర్లు, పైకి తేలడానికి వదిలేసే ఇనుప బరువులు, అన్నీ తడిమింది. ఒక్క బోల్టు వదులుగా లేదు. ఒక్క వైరు మీద గాటు లేదు. దొంగ పడ్డ ఇంట్లో అన్నీ సర్దినట్టుంటే ఎంత కంగారుగా ఉంటుందో, ఆమెకి అంత కంగారుగా ఉంది.

వేణ్ణీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళింది. స్టూలు మీద కూర్చుని ఒకాయన బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. జేబులో వెర్నియర్ కాలిపర్స్.

"దుంపల్ని కూడా కొలుస్తారా?" అంది మేనత్త.

"అలవాటు," అన్నాడాయన సిగ్గుపడుతూ. "మొన్నటిదాకా ఈ ముత్యం హల్‌కి, అంటే ఆ గొట్టానికి, ఇంజనీర్ని. ఇప్పుడు కేటరింగ్ మేనేజర్ని."

"ఏం చేశారేంటి?"

"'వద్దు బావా' అన్నాను."

కెప్టెన్ భార్యకి ఈయన స్వయానా తమ్ముడు. ఓడలో అందరూ బావమరిది అనే పిలుస్తారు. మొదట చనువుతో పిలిచారు, ఇప్పుడు వెటకారంగా. మేనత్త ఇంకో కత్తి తీసుకుని ఎదురుగా కూర్చుంది. చెక్కు తీస్తుంటే మనిషి నోరు దానంతటదే తెరుచుకుంటుందని ఆమె అనుభవం.

"ఆ గొట్టం లోహం కాదండీ," అన్నాడు బావమరిది. "కార్బన్ ఫైబర్. సన్నటి దారాల్ని జిగురులో తడిపి, పొరమీద పొర చుట్టిందన్నమాట. తేలిక. మోయడానికి చిన్న ఓడ చాలు. కానీ అడుగున నీటి బరువు నాలుగువైపులా నొక్కుతుంటే లోపల దారాలు తెగుతాయి. తెగినవి మళ్ళీ అతుక్కోవు."

"తెగితే తెలుస్తుందా?"

"వినిపిస్తుంది. అందుకే లోపల మైకులు పెట్టాను. అసలు సంగతేంటంటే, ఒకసారి దిగిన లోతుకి రెండోసారి దిగినప్పుడు మంచి గొట్టం నోరెత్తకూడదు. తెగాల్సినవి మొదటిసారే తెగిపోయుంటాయి కదా. ఇది దిగిన ప్రతిసారీ ఇంకా ఎక్కువ మాట్లాడుతోంది." ఆయన దుంపని రెండు చేతుల మధ్య పెట్టి నొక్కాడు. "ఇలాంటిదే చిన్న నమూనా చేసి, అది పగిలేదాకా నొక్కి చూద్దామన్నాను. బయటి ఇన్‌స్పెక్టర్లకి చూపిద్దామన్నాను. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. బావ నన్ను వంటగదికి పంపాడు."

మర్నాడు పొద్దున్నే కెప్టెన్ ఒక్కడే సగం లోతుదాకా ట్రయల్‌కి దిగి, క్షేమంగా పైకొచ్చాడు. చప్పట్లు, ఈలలు. పగడం కెమెరా ముందే ఆయన్ని కావలించుకుంది. అందరూ చల్లబడ్డాక మేనత్త ఊయల దగ్గరికి వెళ్ళి, స్టెతస్కోప్ చెవులకి తగిలించుకుని, ముత్యం పొట్టమీద పెట్టింది.

టిక్. కాసేపు ఏమీ లేదు. టిక్, టిక్. ఎక్కడో లోపల, ఎవరో గోటితో గీకుతున్నట్టు.

"గర్భవతా డాక్టరమ్మా?" కెప్టెన్ వెనకనుంచి నవ్వాడు.

ఆయన వెనకే బావమరిది వంట ఏప్రన్‌తోనే పరుగెత్తుకొచ్చాడు. "బావా, ట్రయల్ రీడింగ్ చూశావా? పోయినసారి ఇదే లోతులో ఇంత చప్పుడు లేదు. రేపు పూర్తి లోతుకి వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

కెప్టెన్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. బావమరిది భుజం మీద చెయ్యేశాడు. "ఒరేయ్, కొత్త చెప్పులు కిర్రుమనవూ? పాదానికి అలవాటవుతున్నాయన్నమాట. నువ్వు మంచివాడివి, భయం నీ రక్తంలో ఉంది, నేనేం చేయను? ఇన్‌స్పెక్టర్లు, రూల్సు, సర్టిఫికెట్లు... వాళ్ళ మాట వింటే నేను ఇంకా ఒడ్డునే ఉండేవాణ్ణి. ఈవారం నాకొచ్చిన అవార్డు చూశావా? 'రేపటి మనిషి' అట. ప్రపంచం అంతా తప్పు, నువ్వొక్కడివే రైటా?"

బావమరిది ఏప్రన్ కొస నలుపుతూ నిలబడిపోయాడు.

* * *

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ, మేనత్త తన క్లినిక్ గదిలో గోడకి స్టెత్ ఆనించింది. గోడ అవతల పగడం క్యాబిన్. అలవాటుగా విందంతే. సొంత మనిషి గోడ కూడా వినడం ఆ వృత్తిలో మర్యాద కిందే లెక్క.

"ముట్టుకోవద్దు," అంటోంది పగడం రేడియోలో. మేనత్త ఎప్పుడూ వినని గొంతు అది. "మళ్ళీ చెప్తున్నా, మనవాళ్ళెవరూ దేన్నీ ముట్టుకోవద్దు. అదే దిగుతుంది, అదే పోతుంది. రేపు సాయంత్రానికి ముసలావిడ ఉండదు. అవార్డు బాగా పనిచేసింది. ఇంకోటి రెడీగా పెట్టండి, అవసరం పడితే."

మేనత్త స్టెత్ మెడలో వేసుకుని, వెళ్ళి ఆ తలుపు తోసింది.

పగడం ఉలిక్కిపడలేదు. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. కళ్ళద్దాలు లేకుండా చూస్తే బాగా అలిసిపోయిన మనిషి.

"విన్నారా? మంచిదే. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేక కడుపు ఉబ్బిపోతోంది."

"నువ్వు మాదానివా, వాళ్ళదానివా?"

"ఇద్దరూ జీతమిచ్చారు. వాళ్ళు గౌరవంగా కూడా చూశారు."

"ఏం చేశారు దానికి?"

"అదే కదా అందం. ఏమీ చేయలేదు." పగడం నవ్వింది. "మొదట నిజంగానే బోల్టు విప్పుదామనే వచ్చాం. మా ఇంజనీర్లు డ్రాయింగులు చూసి ఆశ్చర్యపోయారు. విప్పాల్సిన పనే లేదన్నారు. మాకు ఒక్కటే భయం, ఎవరన్నా ఆయనకి నిజం చెప్తే వింటాడేమోనని. అందుకే ఎవరు 'వద్దు' అన్నా, ఆ మర్నాడే మేం ఒక అవార్డు ఇప్పించాం. ఒక వ్యాసం రాయించాం. మేం ఒక్క బోల్టు కూడా ముట్టుకోలేదు. చప్పట్లు కొట్టామంతే. వెళ్ళి చెప్పండి ఎవరికైనా. ఏం చెప్తారు? 'ఈవిడ కెప్టెన్‌ని పొగిడింది' అనా?"

మేనత్త వెళ్ళి చెప్పింది. బీపీ పట్టీ చేతికి చుట్టుకుని, రబ్బరు బల్బు పిసికి బ్యూరోని పిలిచింది.

"సాబొటాజ్ దొరికిందా?" అన్నాడు పెద్దాయన.

"లేదు సార్. సబ్‌మెర్సిబులే పగులుతుంది. పగడం మనల్ని మోసం చేసింది."

"ఒక్కొక్కటి చెప్పు. ఎవరన్నా ఏదన్నా విప్పారా, కోశారా?"

"లేదు."

"పగడం ఒప్పుకున్న రికార్డు?"

"ఆ మోడల్ మీరివ్వలేదు."

అవతల కాసేపు గరగర. "మేనత్తా, విను. అది అంతర్జాతీయ జలాలు. ఓడ రిజిస్ట్రేషన్ ఏదో దీవిది. విదేశీ కుట్ర అయితే నేవీని పంపగలను. డిజైన్ బాగాలేదంటే అది ప్రమాదాల శాఖ. వాళ్ళని అడిగాను కూడా. ప్రమాదం జరిగాక రమ్మన్నారు."

"జరిగాకా?"

"వాళ్ళ శాఖ అదే మరి." పెద్దాయన గొంతులో సిగ్గు వినిపించింది. "ప్రొఫెసర్‌తో మాట్లాడి చూడు."

ప్రొఫెసర్ సాయంత్రం మెడికల్ చెకప్‌కి వచ్చింది. చొక్కా చెయ్యి మడుచుకుని, కుర్చీలో కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది, కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూ.

"మీరు రేపు దిగకూడదు," అంది మేనత్త. "బీపీ బాగా ఎక్కువుంది."

"ఈ వయసులో తక్కువుంటే కదా భయపడాలి."

మేనత్త తలుపు గడియ పెట్టింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి నిజం చెప్పింది: తనెవరో, పగడం ఎవరో, గొట్టం లోపల ఏం తెగుతోందో. ప్రొఫెసర్ శ్రద్ధగా విన్నది. చివరికి మేనత్త చెయ్యి తట్టింది.

"పోటీ కంపెనీవాళ్ళు ఇలాంటి కథతో ఎవరినో పంపుతారని ఆ ప్రొడ్యూసరమ్మాయి నిన్ననే చెప్పింది. నేను నమ్మలేదు. మీ మొహం చూస్తే అబద్ధాలాడే మనిషిలా లేరు, అయినా అచ్చం అదే కథ చెప్పారు." ఆవిడ లేచింది. "చూడు తల్లీ, నా జీవితమంతా ఆ అడుగుని మ్యాపుల్లో చూశాను. బురద ఎక్కడ మెత్తగా ఉందో కళ్ళతో చూడకుండా అక్కడ యంత్రాలు దింపమని ఎలా చెప్పను? అదీగాక కెప్టెన్ తనూ కూర్చుంటున్నాడు కదా. సొంత ప్రాణం మీద ఎవడు నిర్లక్ష్యంగా ఉంటాడు?"

మేనత్త తలుపు గడియ తీసింది.

కాసేపటికే కెప్టెన్ వచ్చి, వేరే మెషీన్‌తో ప్రొఫెసర్ బీపీ చూపించి, డాక్టరమ్మని డ్యూటీ నుంచి తప్పించాడు. మర్యాదగానే. "భయం అంటుకునే జబ్బు డాక్టరమ్మా. మీకూ సోకింది."

వంటగదిలో బావమరిది శాటిలైట్ ఫోన్‌లో వాళ్ళక్కతో మాట్లాడుతున్నాడు. "అక్కా, నువ్వు చెప్పవే. నీ మాట వింటాడు... ఏడవకు. ఏడిస్తే ఏం లాభం?... ఆఁ. ఆఁ." ఫోన్ పెట్టేసి మేనత్త వైపు తిరిగాడు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్కసారన్నా తన మాట విన్నాడేమో చెప్పమంటోంది."

* * *

తెల్లవారింది. గాలి లేదు. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. సాకు చెప్పడానికి చిన్న అల కూడా లేదు.

ముత్యాన్ని క్రేన్‌తో దింపి, ఓడ పక్కన తేలే ప్లాట్‌ఫామ్‌కి కొక్కెంతో తగిలించారు. మూత గడియ లోపలివైపే. కొక్కెం విడిచే లివర్ కూడా లోపలే. తన పడవ తాళం ఇంకొకడి చేతిలో ఉండడం కెప్టెన్‌కి ఇష్టం లేక, డిజైన్ అలా మార్పించాడు. పగడం కెమెరాలు ఆన్ చేయించింది. ప్రపంచమంతా లైవ్.

ప్రొఫెసర్ నిచ్చెన దిగడానికి వస్తూ, రెయిలింగ్ దగ్గర ఒంటరిగా నిలబడ్డ మేనత్తని చూసి ఆగింది. "అలిగావా డాక్టరమ్మా? ఇలా చెయ్యివ్వు. నవ్వుతూ పంపాలి."

మేనత్త బొటనవేలితో ఉంగరం రాయి తిప్పింది. ఆవిడ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"అబ్బ, నీ ఉంగరం గుచ్చుకు..." అంది ప్రొఫెసర్. మాట పూర్తి కాలేదు. మోకాళ్ళు మడిచి, డెక్ మీద నెమ్మదిగా కూర్చుని, అలాగే మేనత్త ఒళ్ళోకి ఒరిగిపోయింది.

గోల. పరుగులు. "బీపీ," అంది మేనత్త అందరికీ వినపడేలా. "నిన్ననే చెప్పాను."

కొంచెం దూరంలో పగడం మొహం పాలిపోయింది. ఎన్నో నెలలు పట్టి నేసిన వల, చేప ముక్కుకి తగలబోయే క్షణంలో చిరిగిపోయింది. మేనత్త గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది. అయిపోయింది. ఇక ఓడ వెనక్కి తిరుగుతుంది.

"పాపం," అన్నాడు కెప్టెన్ ప్రొఫెసర్‌ని చూసి. తర్వాత కెమెరాల వైపు తిరిగాడు. "ఫరవాలేదు. డైవ్ ఆగదు. ఈ సీటు అసలు ఎవరికి దక్కాలో వాళ్ళకే దక్కుతోంది. నన్ను మొదటినుంచీ నమ్మిన మనిషికి." పగడం వైపు చెయ్యి చాచాడు. "రా!"

పగడం ఒక అడుగు వెనక్కి వేసింది. "నాకు... మూసేసిన చోట్లు పడవు."

"ప్రాణం పెట్టైనా నీతో దిగుతానని నువ్వే అన్నావు!"

"తర్వాత ఎప్పుడన్నా..."

"ఎందుకు? ఇప్పుడేమైంది?" ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు, ప్రేమగానే. నిచ్చెన వైపు ఒక అడుగు, రెండు అడుగులు. మూడో అడుగులో పగడం గొంతు చించుకుంది.

"వదులు! అది పగులుతుంది! మాకు మొదటినుంచీ తెలుసు! నీ అవార్డులన్నీ మేం ఇప్పించినవే! ఆ గొట్టంలో కుక్కని కూడా ఎక్కించకూడదు!"

మేనత్త కెప్టెన్‌నే చూస్తోంది. ఇంతకన్నా ఎవరు చెప్పాలి? శత్రువే చెప్పింది. ఇక వింటాడు.

కెప్టెన్ చెయ్యి వదిలేశాడు. నలుగురిలో చెంపదెబ్బ తిన్న పిల్లాడిలా కళ్ళు తిప్పి, కెమెరా వెనక ఎర్రలైటు చూశాడు. అది వెలుగుతూనే ఉంది.

"నువ్వు కూడానా," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు నేను దిగకపోతే ఇదంతా నిజమని ఒప్పుకున్నట్టే కదా."

చకచకా నిచ్చెన దిగిపోయాడు. బావమరిది వెనకే దూకాడు, ప్లాట్‌ఫామ్ మీద జారిపడి లేచాడు, మూత అంచు పట్టుకున్నాడు. "బావా! వద్దు బావా! అక్క మొహం చూసైనా!"

"వేళ్ళు తియ్యరా, నలుగుతాయి," అన్నాడు కెప్టెన్. ఆ గొంతులో కోపం ఏ కోశానా లేదు. "సాయంత్రానికి వచ్చేస్తా. వేడిగా ఏదన్నా చేసిపెట్టు."

మూత పడింది. గడియ పడిన చప్పుడు. కొక్కెం విడిపోయింది. తెల్లటి గొట్టం కాసేపు నీళ్ళలో ఊగి, పచ్చగా మారి, నీలంగా మారి, కనపడకుండా పోయింది.

కంట్రోల్ రూమ్‌లో స్పీకర్ ఒక్కటే ఆధారం. స్క్రీన్ మీద లోతు అంకెలు పెరుగుతున్నాయి. బావమరిది మైకు పట్టుకుని కూర్చున్నాడు. మేనత్త తలుపు దగ్గర నిలబడింది. పగడం మూల గోడకి చేరగిలబడి ఉంది. ఆవిడకి కాపలా పెట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. మేనత్తకి ఎన్నో ఆయుధాలు తెలుసు. నీళ్ళలోకి అంత లోతుకి అందే చెయ్యి ఏ ఆయుధానికీ లేదు.

"ఎంత నల్లగా ఉందో తెలుసా," అంటోంది కెప్టెన్ గొంతు. "వెలుగుతూ ఏవో పోతున్నాయి పక్కనుంచి. అందరూ చూడాలి ఇది."

స్పీకర్లో ఆయన మాటల వెనక టిక్, టిక్.

"బావా, చప్పుడు వినపడుతోంది. పైకి రా."

"చెప్పులురా," అన్నాడు. నవ్వబోయాడు. అంకెలు పెరుగుతూనే ఉన్నాయి.

"బావమరిదీ."

"చెప్పు బావా."

"చప్పుడు మారింది."

"ఎలా మారింది?"

"ఇందాకటిదాకా చినుకులు పడ్డట్టుండేది. ఇప్పుడు ఎవరో నా పక్కనే కూర్చుని కట్టెపుల్లలు విరుస్తున్నట్టుంది."

బావమరిది గొంతు పాఠం చెప్పే మాస్టారులా పలికింది. "బరువులు వదిలెయ్ బావా. ఎడమచేతి పక్కన పసుపు పిడి. గట్టిగా లాగు. ఇంకేం ఆలోచించకు."

"లాగాను."

అంకెలు ఆగాయి. ఒక్క క్షణం అక్కడే తచ్చాడి, తగ్గడం మొదలుపెట్టాయి. గదిలో ఎవరో "అమ్మయ్య" అన్నారు. అది పగడం.

"వస్తున్నా," అంది కెప్టెన్ గొంతు. చిన్నగా, ఊపిరాడనట్టు. "పైకే వస్తున్నా. ఒరేయ్, నువ్వు చెప్పిన నమూనా సంగతి... ఒడ్డుకి వెళ్ళగానే చేద్దాంలే. నువ్వే దగ్గరుండి..."

స్క్రీన్ ఖాళీ అయింది. అంకెలు తగ్గలేదు, పెరగలేదు. లేవు. కొంచెంసేపటికి కాళ్ళకింద ఓడ అడుగున ఒక మోత తగిలింది. పెద్దదేం కాదు. పక్కింట్లో ఎవరో తలుపు వేసినంత.

"బావా," అన్నాడు బావమరిది మైకులో. "బావా, వినపడుతోందా? బావా." అలా పిలుస్తూనే ఉన్నాడు. మైకు లాక్కోవడానికి ఎవరికీ చేతులు రాలేదు.

శాటిలైట్ ఫోన్ మోగింది. బావమరిది యాంత్రికంగా ఎత్తాడు. "ఏరా, పైకొచ్చారా మీ బావ?" అవతలి గొంతు గదంతా వినపడింది. "టీవీలో ఆపేశారు. వచ్చాక ఒకసారి మాట్లాడమను." బావమరిది ఫోన్ మేనత్త చేతికిచ్చి, బల్లమీద తల పెట్టుకున్నాడు.

"ఎవరండీ?" అంది అక్క.

"నేనమ్మా. ఓడ డాక్టర్ని," అంది మేనత్త. ఇలాంటి మాట డాక్టర్లు ఎలా చెప్తారో బ్యూరోలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. అయినా చెప్పింది. అవతల ఏడుపు ఆగేదాకా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడింది. అంతకుమించి చేయగలిగింది లేదు.

* * *

ఓడ తిరుగుదారి పట్టాక బీపీ మెషీన్ కుయ్‌మంది.

"మిషన్ సక్సెస్ మేనత్తా," అన్నాడు పెద్దాయన. "ప్రొఫెసర్ క్షేమం. 'వల' రేడియోలన్నీ మూగబోయాయి. రేవులో పగడాన్ని అరెస్టు చేయిస్తున్నాం."

"ఏ నేరం కింద?"

"దొంగ పాస్‌పోర్టు. మనిషిని పొగిడినందుకు ఏ సెక్షనూ లేదు, వెతికించాను." ఆయన ఆగాడు. "కెప్టెన్ సంగతి ప్రమాదాల శాఖకి పంపాం. వెంటనే తీసుకున్నారు."

కిటికీలోంచి నున్నటి సముద్రం కనిపిస్తోంది. డెక్ మీద ఖాళీ ఊయల పక్కన బావమరిది కూర్చుని ఉన్నాడు. ఎవరో పక్కన పెట్టి వెళ్ళిన టీ చల్లారిపోతోంది.

"ఇంకొక్కటి," అన్నాడు పెద్దాయన ఇబ్బందిగా. "ప్రొఫెసర్ నిద్రలేచింది. మండిపడుతోంది. డాక్టరు కాని మనిషి, తన ఒప్పుకోలు లేకుండా, జీవితంలో ఒక్కసారి వచ్చే అవకాశం పోగొట్టి, సూది గుచ్చిందని నీమీద కేసు పెట్టింది. గట్టి కేసే. లాయర్ని చూసుకో."

"చాలా సంతోషం సార్."

"సంతోషమేంటి? మతి పోయిందా?"

"కేసు పెట్టాలంటే మనిషి బతికుండాలి కదా సార్," అంది మేనత్త, చేతి పట్టీ విప్పుకుంటూ.